మరిది పేరు మీద సంపాదన

ఆ పేటలో బండ్ల మీద సరుకులూ భోజనాలూ ఇళ్లకు చేరవేసేవాళ్లంతా ఆమెను హెల్మెట్టక్క అంటారు. లిఫ్టులో ఉన్నా, మెట్లెక్కుతున్నా, ఎవరి గుమ్మం ముందు నిలబడ్డా ఆమె తల మీంచి హెల్మెట్ దిగేది కాదు. చాదస్తం అనుకునేవాళ్లు కొందరు. తోటివాళ్లకు మాత్రం సంగతి తెలుసు. యాప్‌లో ఉన్న ఫొటో ఆమెది కాదు, మరిదిది. పేరూ అతనిదే.

ఆ ఖాతా తెరిచింది మరిదే. కొన్నాళ్లు తిరిగాక అతనికి గోడౌన్‌లో నెలజీతం ఉద్యోగం దొరికింది. అప్పటికి తను పనిచేసే బట్టల కొట్టు మూతపడటంతో ఆమె ఇంట్లో కూర్చుని ఉంది. కూర్చుని ఉంది అనడం మాటవరసకే, కాలు ఒకచోట నిలిచే మనిషి కాదు. "ఖాతా ఖాళీగానే ఉంది కదా వదినా, నీకు లైసెన్స్ వచ్చేదాకా నాదే వాడుకో" అన్నాడు మరిది. లైసెన్స్ వచ్చింది. పేరు మార్చుకోవడం మాత్రం ఇవాళ, రేపు అంటూ ఏళ్లు గడిచిపోయాయి. డబ్బు మరిది బ్యాంకులో పడేది. అతను వారం వారం పైసాతో సహా ఆమెకు పంపేవాడు. ఆ విషయంలో అతన్ని వేలెత్తి చూపడానికి లేదు.

చిక్కంతా పన్ను దగ్గర వచ్చింది.

ఒక సాయంత్రం మరిది వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "వదినా, ఇన్నాళ్లూ నా జీతం, నీ బండి డబ్బులు కలిపి చూపించినా పన్ను దాకా రాలేదు. ఈసారి దాటిపోయింది. లెక్కలు రాసే ఆయన దగ్గరికి నువ్వు కూడా రావాలి."

"పన్నెంతో చూసి వాడి చేతిలో పెట్టెయ్, గొడవ వదిలిపోతుంది" అన్నాడు ఆమె భర్త. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్, ఏదైనా చప్పున తేల్చేయాలంటాడు. అప్పటికి ఆమెకూ అదే సబబనిపించింది.

లెక్కలాయన గది జెరాక్సు షాపు పైన ఉంది. బల్ల ముందున్న కుర్చీలో మరిది కూర్చున్నాడు, ఆమె వెనక స్టూలు మీద.

"సొంతంగా పనిచేసుకునేవాళ్లకి ఖర్చులు పోను మిగిలిందాని మీదే పన్ను సార్. చెప్పండి, పెట్రోలుకి నెలకెంత అవుతుంది?" అన్నాడాయన.

మరిది వదిన వైపు చూశాడు. ఆమె చెప్పింది.

"టైర్లు మార్చారా?"

"వెనకది రెండుసార్లు, ముందుది ఒకసారి" అంది ఆమె.

"వానల్లో పని తగ్గుతుందేమో కదా?"

"పెరుగుతుందండీ. జనం బయటికి రారు కదా."

ఆమె చెప్పిందే రాసుకుంటున్నాడు గానీ, తలెత్తినప్పుడల్లా ఆయన చూసేది మరిదినే. "రోజంతా బండి మీద ఉంటారు, నడుంనొప్పి ఏమైనా ఉందా సార్? పట్టీ కొనుంటే అదీ రాద్దాం" అన్నాడు. మరిది మళ్లీ వదిన వైపు తిరిగాడు.

ఆమె లేచి బయటికి వెళ్లిపోయింది. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. ఎవరూ ఒక్క మాటన్నది లేదు. అయినా లోపల ఏదో గుచ్చుకుంటోంది. కిందికి దిగి బండి తీసుకుని పోదామనుకుని, సగం మెట్లు దిగి మళ్లీ ఎక్కింది.

"నడుంనొప్పి అతనికి లేదండీ, నాకుంది" అంది గుమ్మంలోంచే. "బండి నడిపేది నేను. ఆ సంపాదన నా పేరు మీద రాయండి."

లెక్కలాయన పెన్ను కింద పెట్టాడు. "రాయొచ్చమ్మా. అసలు అలాగే రాయాలి. డబ్బు ఆయన ఖాతాలో పడినా కష్టం మీదని ఇద్దరూ సంతకాలు పెట్టివ్వాలి. కానీ ఒకరి ఖాతా మీద ఇంకొకరు నడుపుతున్నారని తెలిస్తే మీ కంపెనీ ఊరుకోదు. ఆలోచించుకుని రండి."

ఆ రోజు నుంచి ఆమెకు కుదురు లేదు. ఒకరి పొట్లం ఇంకొకరికి ఇచ్చింది. ఎప్పుడూ తిరిగే సందు దాటిపోయి వెనక్కి మళ్లింది. ఇంటికొచ్చి, తుడిచిన పొయ్యినే మళ్లీ తుడిచింది.

"పన్ను కడతానని పేచీ పెట్టేవాళ్లని నిన్నే చూశాను" అన్నాడు భర్త.

"పన్ను గురించి కాదండీ."

"మరి?"

ఆమె గుడ్డ పిండుతూ నిలబడింది. "రేపు నేను బండి మీంచి పడ్డాననుకోండి. ఎలా ఉందని కంపెనీవాళ్లు మీ తమ్ముడికి ఫోన్ చేస్తారు. అతను గోడౌన్‌లో నిక్షేపంగా ఉంటాడు. బాగానే ఉన్నానంటాడు."

భర్త నవ్వబోయి ఆగిపోయాడు. "ఖాతా పోతే కొన్నాళ్లు నా జీతంతో లాగుదాంలే" అన్నాడు.

సంతకాలు పెట్టేటప్పుడు "నా మీదకేం రాదు కదా వదినా" అని మరిది పదిసార్లు అడిగాడు. కంపెనీకి ఆమె తనే రాసింది. మర్నాడే ఖాతా మూసేశారు. ఏళ్ల తరబడి యాప్‌లో జనం ఇచ్చిన చుక్కల రేటింగులూ, మంచి కుర్రాడు, మర్యాదస్తుడు అన్న మెప్పులూ అన్నీ పోయాయి.

కొత్త ఖాతాకు అర్జీ పెట్టి ఎదురుచూడటం మొదలైంది. అది మాత్రం ఆమె వల్ల కాలేదు. అల్మారా సర్దింది, సర్దినదాన్ని పీకి మళ్లీ సర్దింది. ఫోన్ ముట్టుకోని నిమిషం లేదు. చివరికి రోజూ బండి మీద తిరిగే వీధుల్లో ఉత్తినే కాలినడకన తిరిగొచ్చింది. "బండేదక్కా?" అని తోటివాళ్లు అడిగితే "సెలవిచ్చాను దానికి" అంది.

ఎలాగైతేనేం, ఆమె ఫొటోతో, ఆమె పేరుతో ఖాతా వచ్చింది. కొత్తవాళ్లకు పడేవన్నీ దూరాభారాలే, లిఫ్టు లేని మేడలే. అలాంటి ఒక మేడ మీద, పాత ఖాతాలో ఎన్నోసార్లు వచ్చిన ఇంట్లోనే, ఆమె హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని నిలబడితే, ఒక పెద్దావిడ తలుపు తీసింది.

"ఎప్పుడూ వచ్చే అబ్బాయి మానేశాడా? నెమ్మదస్తుడు పాపం, నోరు విప్పేవాడే కాదు."

"అది నేనేనండీ. గొంతు వింటే తెలిసిపోతుందని మాట్లాడేదాన్ని కాదు."

పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసింది. "ఎండల్లో మంచినీళ్లు కావాలా అని ఎన్నిసార్లు అడిగాను. తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేదానివి."

"దాహంగానే ఉండేదండీ."

ఆవిడ లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆమె గుమ్మంలోనే నిలబడి చెంబెడూ తాగింది.

మరుసటేడు రాత్రుళ్లు కూడా తిరగడంతో ఆమె సంపాదన ఒక్కటే పన్ను దాకా వచ్చింది. పన్ను దగ్గర మరిది అవసరం పడలేదు. లెక్కలాయన ఆమెనే కుర్చీలో కూర్చోబెట్టి, కట్టాల్సింది ఎంతో చెప్పాడు. అనుకున్నదానికన్నా ఎక్కువే. "ఇంకా ఏ ఖర్చూ తగ్గించలేరా?" అని ఆయన్ని నానా విధాలా పీకి, లాభం లేక కట్టేసి, ఇంటికెళ్లేదాకా దారంతా గొణుగుతూనే ఉంది.

"కోరి తెచ్చుకున్నావుగా" అన్నాడు భర్త.

"కోరి తెచ్చుకుంటే మాత్రం, గొణుక్కోకూడదా?" అంటూ ఆమె బండి తాళం కోసం వెతుక్కుంది.