సుగుణ మేడం పీహెచ్‌డీ, మా నాన్నగారి మాట

నిన్న ఉదయం ఫోన్ వచ్చింది. "సుగుణ మేడం ఇక లేరు" అన్నారు.

"ఏ సుగుణ మేడం?" అని అడిగాను. నాకు తెలిసిన సుగుణ మేడం ఒక్కరే.

డాక్టర్ సుగుణ గారు క్లినికల్ సైకాలజిస్ట్. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవారి మనసు మీద ఎనభైల మొదట్లో వరంగల్‌లో పీహెచ్‌డీ చేశారు.

అందులో మా నాన్నగారు ఒక కేసు. రాత్రి కళాశాలలో డిగ్రీతోనే ఆగిన నేను ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

నాన్న ఏసోబు, హనుమకొండలో దర్జీ. అమ్మ పోయాక బతకొద్దనుకుని దవాఖానలో తేలారు. మేడం మంచం పక్కన కూర్చుని, "అన్నా, నా చదువు అయ్యేదాకనన్న ఉండవా?" అని అడిగారట.

"సరే చెల్లె. నీ పుస్తకం అయ్యేదాక ఉంట."

ఇక మేడంకు థీసిస్ ముగించడానికి చేయి రాలేదు!

వైవాకు వేసుకుంటానని జాకెట్ గుడ్డ ఇచ్చి, నెలనెలా షాపుకు వచ్చేవారు.

"జాకెట్ అయిందా అన్నా?"

"కాజాలే మిగిలినయ్. నీ పుస్తకం?"

"ఒక్క చాప్టరే."

ఇద్దరివీ అబద్ధాలే. గుడ్డకు కత్తెర తగల్లేదు. చాప్టర్లన్నీ టైపై బీరువాలో ఉన్నాయి.

పెళ్లి బట్టలు పెళ్లయ్యాక ఇచ్చే మా నాన్నే చివరికి విసుక్కున్నారు. "గింత ఆలస్యమా? నేనే నయం!"

ఇక గడువు లేదని యూనివర్సిటీ తేల్చేసింది. మేడం ఉన్నమాట చెప్పి, "ఇచ్చేస్తే నువ్వేం జేస్తవన్నా?" అన్నారు.

నాన్న ఆ గుడ్డను బల్ల మీద పరిచి కత్తెర తీశారు.

వైవాకు ముందే జాకెట్ కుట్టి ఇచ్చేశారు.

మేడం హడలిపోయారు. నాన్న సమయానికి బట్టలివ్వడం హనుమకొండలో ఎవరూ చూడలేదు.

వైవా ముగియగానే రిక్షాలో నేరుగా షాపుకు వచ్చారు. నాన్న మిషన్ తొక్కుతున్నారు.

"పాసైన అన్నా. గని చంకల కాడ పట్టేసింది. బోర్డు మీద రాద్దామంటే చెయ్యి లేవలే."

నాన్నకు రోషం వచ్చింది. "నా కుట్టుకే వంక పెడ్తవా? పట్టుకరా, ఇప్పి మళ్ల కుడ్త. గని క్రిస్మస్ బట్టలు మీద పడ్డయ్. జనవరి దాక నన్ను అడగకు!"

మేడం అక్కడే కూర్చుని ఏడ్చారట. "జాకెట్‌కు ఏడుస్తరా ఎవలన్న?" అని నాన్న చాయ్ తెప్పించారు.

తరువాత ఆమె ప్రొఫెసర్ అయ్యారు, ఎందరికో గైడ్ అయ్యారు. నాన్న మనుమలను ఎత్తుకున్నారు. పండు ముసలితనంలో నిద్రలోనే వెళ్లిపోయారు.

ఆ రోజు మేడం వచ్చి, నాన్న ముఖం చూస్తూ కళ్లు తుడుచుకుని నవ్వారు.

"మాట తప్పిండు మీ నాయన. పుస్తకం అయ్యేదాకనే ఉంటనన్నడు."

మేడం, మీ చదువు నాన్న ఎత్తుకున్న మనుమలై మా ఇంటినిండా తిరుగుతోంది. ప్రభువు సన్నిధిలో మీకు నెమ్మది కలుగుగాక.