పోలింగ్ అయ్యేదాకా ఆగమన్నాను

మా ఆయన శాసనసభకి పోటీ చేసి ఓడిపోయారని అనకాపల్లిలో నా వయసు వాళ్ళందరికీ తెలుసు. ఎందుకు ఓడిపోయారో తలో కథ చెబుతారు. చెప్పుకోనీండి. ఓటమి గురించి నాకు బాధ లేదు. ఆ ఎన్నికల్లో నేను చేసిన పని ఒకటుంది, అది ఎవరికీ తెలియదు. ఆయన పోయిన ఇన్నేళ్ళకైనా రాయకపోతే నేను మనిషిని కాను.

ఆయన చెరకు తెగుళ్ళ శాస్త్రవేత్త. సర్కారు ఉద్యోగం. అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే మా అమ్మ "చెరకుకి డాక్టరు" అనేది. నిజంగా అలాగే ఉండేవారు. జేబులో మడత కత్తి, భూతద్దం ఎప్పుడూ ఉండాల్సిందే. పెళ్ళికి వెళ్తున్నా సరే, దారిలో ఎవరి తోటలోనో ఆకు ఎండినట్టు కనిపిస్తే బండి ఆపించి దిగిపోయేవారు. పట్టుచీర కట్టుకుని నేను గట్టు మీద ఎండలో నిలబడేదాన్ని. ఒళ్ళు మండిపోయేది.

ఆయనకి ఒకటే పట్టుదల. ఎర్రకుళ్ళు తెగులు విత్తనంతోనే పాకుతుంది కాబట్టి మంచి విత్తనం చెరకు సర్కారే ఊరూరా అందించాలని. పైవాళ్ళకి రాసి రాసి విసిగిపోయారు. అరవైల్లో ఎన్నికలొచ్చినప్పుడు, "రాస్తే చదవడం లేదు, శాసనసభలో నిలబడి అడిగితే వినకేం చేస్తారు?" అని ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి నామినేషన్ వేసేశారు. ఏ పార్టీ అండా లేదు. సర్కారు ఉద్యోగి పోటీ చెయ్యకూడదు కనక రాజీనామా తప్పదట. ఆ సంగతి సాయంత్రం కాఫీ తాగుతూ నాతో చెప్పారు, గొడుగు ఎక్కడో మర్చిపోయానని చెప్పినంత తేలిగ్గా. ముగ్గురు పిల్లలున్న ఇల్లు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ప్రచారమంతా మా అన్నయ్య నెత్తిన వేసుకున్నాడు. కశింకోట దగ్గర మా పుట్టింటి వాళ్ళకి పెద్ద చెరకు తోట. బళ్ళు అన్నయ్యవే, వెంట తిరిగే మనుషులూ అన్నయ్యవాళ్ళే. మా ఆయనకేమో సభలో మాట్లాడటం చేతకాదు. మైకు పట్టుకుంటే చాలు, తెగులు ఎలా పుడుతుందో మొదలుపెట్టేవారు. ఒక ఊళ్ళో ఓ ముసలాయన లేచి, "ఓట్లడగడానికొచ్చేవా బాబూ, పాఠం సెప్పడానికొచ్చేవా? పరీచ్చ కూడా ఎడతావేటి?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఆయనా నవ్వేశారు. అలా నవ్వుతూనే ఊళ్ళకి దగ్గరయ్యారు. గెలుస్తారేమో అన్న మాట మెల్లగా పుట్టింది. నాకూ ఆశ పుట్టింది, దాచడమెందుకు?

అది చెరకు నాటే కాలం. విత్తనానికి కోసిన చెరకు ముక్కల్ని మావైపు ముచ్చెలంటారు. మా అన్నయ్య తోట ముచ్చెలంటే చుట్టుపక్కల గొప్ప పేరు. ఒక ఇంటి విత్తనం తీసుకుంటే ఆ ఏడాది ఆ ఇంటి మాట కాదనకూడదన్నది మావాళ్ళ ఆనవాయితీ. ఆ కిటుకు అన్నయ్యకి బాగా తెలుసు. "మా బావ ఎనక నిలబడ్డ ఊళ్ళన్నిటికీ ముచ్చెలు నాను ఊరికే ఇత్తాను, బళ్ళు తోలుకొచ్చీండి" అని చాటించాడు. చాలా ఊళ్ళు ఒప్పుకున్నాయి.

పోలింగ్ పది రోజులుందనగా కోత మొదలైంది. మొదటి బండికి బొట్టు పెట్టాలని పసుపూ కుంకుమా పట్టుకుని నేనూ వెళ్ళాను. మా ఆయన అలవాటు కొద్దీ తోట లోపలికి వెళ్ళారు. ఎంతకీ రాలేదు. అన్నయ్యా నేనూ వెళ్ళి చూస్తే, ఒక గడని నిలువునా చీల్చి చేత్తో పట్టుకుని నేల మీద చతికిలబడి ఉన్నారు. గడ లోపలంతా ఎరుపు, మధ్యమధ్య తెల్లటి మచ్చలు. పులిసిన వాసన గుప్పుమంది.

"ఈ తోట విత్తనానికి పనికిరాదు" అన్నారు.

"ఎండిన దుబ్బులు పీకేత్తే సరిపోద్ది బావా" అన్నాడు అన్నయ్య.

"పైకి బాగున్న గడల్లోనూ ఉంటుంది. వానలు పడ్డాక బయటపడుతుంది. బళ్ళు ఆపించండి. నేనే ఊళ్ళకి వెళ్ళి చెబుతాను."

అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "మా తోట కుళ్ళిపోయిందని నువ్వే సెప్తే, రేపు నాను ఏ మొహం ఎట్టుకుని ఊళ్ళోకెల్తాను? ఇదంతా ఎవరి కోసం సేత్తన్నాను బావా?" అన్నాడు.

అప్పుడు నేను కలగజేసుకున్నాను. "ఏవండీ, పోలింగ్ అయ్యేదాకా ఆగండి. పది రోజులే కదా. గెలిస్తే మీ మాటకి ఇంకా విలువ వస్తుంది" అన్నాను.

"ముచ్చెలు మట్టిలో పడ్డాక చెప్పి ఏం లాభం?" అన్నారాయన.

"నన్నడక్కుండా ఉద్యోగం వదిలేశారు. నేను మిమ్మల్ని ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఇదొక్కటి అడుగుతున్నాను. కాదంటే పిల్లల్ని తెచ్చుకుని ఇక్కడే మా అన్నయ్య దగ్గర ఉండిపోతాను."

ఆయన నా వంక చూశారు. కోపంగా కాదు. తర్వాత కత్తి మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను వెళ్ళి బండికి పసుపు రాసి బొట్టు పెట్టాను. ఈ చేత్తోనే.

ఆ పది రోజులూ బళ్ళు డప్పులతో ఊళ్ళకి వెళ్తూనే ఉన్నాయి. సభల్లో ఆయన తెగుళ్ళ మాటే ఎత్తలేదు. ఇప్పుడు బాగా మాట్లాడుతున్నారని జనం మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి సగం అన్నం కంచంలోనే వదిలేసేవారు. అలసట అనుకున్నాను. అనుకోవడం కాదు, అలా అనుకుని ఊరుకున్నాను.

అంతా చేసి ఓడిపోయారు.

ఫలితం తెలిసిన మర్నాడు పొద్దున్నే సైకిలెక్కి ఊరూరా తిరిగారు. ముచ్చెలు తవ్వి తీసి కాల్చెయ్యమని గడపగడపకీ చెప్పారు. ఎవరు వింటారు? "ఓడిపోకముందు బాగున్న ముచ్చెలు ఓడిపోయేక కుళ్ళిపోయేయేటి?" అన్నారట. ఓట్లెయ్యలేదన్న కడుపుమంటతో తోటలు తగలెట్టమంటున్నాడన్నారు. ఒక ఊళ్ళో సైకిలు చక్రం గాలి తీసేస్తే నడుచుకుంటూ వచ్చారు. బావకి మతి చెడిందని మా అన్నయ్య కూడా అన్నాడు. నేను విన్నాను, నోరు మెదపలేదు.

వానలు పడ్డాయి. ఆకులు పసుపుబారి, తోటకి తోటలే ఎండిపోవడం మొదలైంది. బెల్లం మీద బతికే ఊళ్ళు అవి. ఒక ఉదయం పదిమంది దాకా రైతులు మా వాకిట్లోకి వచ్చారు. నేను మజ్జిగ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని తలుపు దాకా వచ్చి, వాళ్ళ మాటలు విని అక్కడే ఆగిపోయాను.

"బాబూ, ఈ తెగులు సంగతి తమరికి ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు ఒకాయన.

"కోసిన రోజే తెలుసు."

"మరప్పుడే ఎందుకు సెప్పనేదు?"

చెప్పేస్తారనుకున్నాను. ఆయన చెప్పెయ్యాలని కూడా అనుకున్నాను.

"ఓట్ల కోసం" అన్నారాయన.

వాళ్ళెవరూ తిట్టలేదు. తిట్టి, కొట్టినా బాగుండేది. "సదువుకున్నోరని నమ్మేం బాబూ" అన్నాడు అడిగినాయన, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ. ఒక్కొక్కరే గేటు దాటి వెళ్ళిపోయారు. రెండడుగులు బయటికి వేసి, "ఆయన కాదు, నేను ఆపాను" అంటే సరిపోయేది. వాళ్ళు రోడ్డెక్కేదాకా వ్యవధి ఉంది. నేను కదల్లేదు.

ఆయన లోపలికి వచ్చి, నా చేతిలో పళ్ళెం తీసి కింద పెట్టి, అన్నం పెట్టమన్నారు. పెట్టాను. ఆ సంగతి గురించి నన్ను ఒక్క మాట అనలేదు. పోయేదాకా అనలేదు.