ఓడలో దిష్టి తీసిన మామ్మగారు

ఆ రోజుల్లో (మరీ తాతల కాలం అనుకోకండి, మొన్నమొన్నటి మాటే) వైజాగ్ పోర్టు నుంచి విహారనౌక బయలుదేరుతోందంటే ఊరంతా వింతగా చెప్పుకునేవారు. మల్కాపురంలో ఓడల కూతలు వింటూ పెరిగిన నాకు ఆ నౌకలోనే, కిడ్స్ క్లబ్‌లో ఉద్యోగం వచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కాయి. "మా పిల్లకి సముద్రం మీద ఉజ్జోగం!" అని మా అమ్మ వీధంతా చాటింది. తీరా చూస్తే నా సముద్రం ఒక కిటికీ లేని గది. పొద్దున్నే కుందేలు చెవుల టోపీ పెట్టుకుని లోపలికి పోతే, బయటికొచ్చేసరికి చీకటి పడేది.

ఆ గదికి పిల్లల్ని తెచ్చే అమ్మానాన్నల తీరు చూడాలి. కుటుంబమంతా కలిసి గడుపుదామని టికెట్లు కొంటారు. ఓడెక్కగానే, గుడి బయట చెప్పులు వదిలినట్టు పిల్లల్ని నా దగ్గర వదిలి వెనక్కి చూడకుండా పోతారు. ఈతకొలను దగ్గర ఫొటో దిగి 'ఫ్యామిలీ టైమ్' అని పెడతారు. ఆ ఫొటోలో ఫ్యామిలీ ఎక్కడుందో దేవుడికే తెలియాలి! పైగా "మావాడికి క్లబ్బంటే ప్రాణమండీ" అని నాకే చెబుతారు. ప్రాణమట! మొదటి పూట బంతుల తొట్టిలో దూకుతారు, కాదనను. రెండో పూటకి గోళ్ళు కొరుక్కుంటారు. మూడో పూటకి "అక్కా, ఇంకెంతసేపు?" అని నా ప్రాణం తీస్తారు. నేనేమో చప్పట్లు కొట్టి "అందరూ హ్యాపీయేనా?" అని అరవాలి. మేనేజరు అలాగే నేర్పాడు మరి.

ఒక ట్రిప్పులో ఆరేళ్ళ చిట్టి వచ్చింది. వాళ్ళ నాన్నకు గాజువాకలో ఇనుప సామాన్ల కొట్టు. ఆదివారం కూడా ఇంట్లో కనిపించడట. "ఒడ్డు కనపడని సోటుకి నాన తీసుకెల్తానన్నాడు. ఇద్దరం కలిసి సూద్దామన్నాడు" అని నాతో చెప్పింది. ఆ నాన్న ఓడెక్కింది మొదలు పేకాట గదిలోనే. చిట్టి బొమ్మ ముట్టలేదు, బిస్కెట్టు తినలేదు, చూపంతా తలుపు మీదే. తెల్లారితే అవతలి రేవు వచ్చేస్తుంది. "ఈలోగా నాన వస్తాడా అక్కా?" అని అడిగిందే అడిగింది. "వస్తాడు బంగారం" అన్నాను, హ్యాపీగా.

నాన్న రాలేదు గానీ, పద్మనాభం ఊరి నుంచి వాళ్ళతో పాటు వచ్చిన నాయనమ్మ వచ్చింది. మనవరాల్ని చూడగానే గుండెలు బాదుకుంది. "ఏటమ్మా, పిల్ల ఇలగ వడిలిపోనాది! ఇంతమంది కళ్ళు పడితే దిష్టి తగలదేటి?"

"అదేం లేదు మామ్మగారూ, కొత్త కదా" అంటూ ఉండగానే కొంగుముడి విప్పి, కర్పూరం, అగ్గిపెట్టె పక్కన పెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి చిట్టి చుట్టూ తిప్పేసింది. (ఓడెక్కేటప్పుడు అందరి సంచులూ సోదా చేస్తారు గానీ, ముసలమ్మల కొంగుముళ్ళు ఎవరు విప్పిస్తారు!) ఇక్కడ నిప్పు వెలిగించకూడదని నేను చెప్పేలోపే చేతులు కడుక్కునే బేసిన్‌లో కర్పూరం భగ్గుమంది, మిరపకాయలు అందులో పడ్డాయి.

ఇంకేం చెప్పమంటారు! తలుపులు బిగించిన ఏసీ గది. పిల్లలూ నేనూ ఒకటే దగ్గు, కళ్ళ వెంట నీళ్ళు. పైన అలారం గోల. మంట నీళ్ళు పోసి ఆర్పి, పిల్లల్ని వరండాలోకి తోలాను. మామ్మగారు మాత్రం దగ్గుతూనే ఆలోచనలో పడింది. "దిష్టుంటే గాటు రాకూడదు. ఇంత గాటొచ్చినాదంటే దీనికి దిష్టి నేదు. దీనికి దీని బాబు కావాల!"

అలారం మోగితే కన్నవాళ్ళే వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళాలని ఓడ నియమం. మైకులో పిలిచారు. ఒకాయన తువ్వాలు చుట్టుకుని నీళ్ళోడుతూ వచ్చాడు, ఒకావిడ సగం మొహానికి క్రీముతో, చిట్టి నాన్న చేతిలో పేకముక్కలతో. పిల్లలు వాళ్ళ మీద ఎగబడ్డారు చూడండీ, బంతుల తొట్టి మీద ఒక్కనాడూ అలా ఎగబడలేదు. ప్రమాదమేమీ లేదని తెలియగానే ఆ పెద్దమనుషులు అడిగిన మొదటి మాట "క్లబ్ మళ్ళీ ఎప్పుడు తెరుస్తారండీ?" సిగ్గు లేకపోతే సరి!

చిట్టి నాన్న కూడా వెనక్కి తిరగబోయాడు. "ఆట మజ్జిలో ఉందమ్మా..."

"నీ ఆట తగలెయ్య! పిల్ల నీకోసం నిన్నట్నించీ తిండి మానేసి కూకుందిరా" అని మామ్మగారు కొడుకు చేతిలో ముక్కలు లాగేసింది. అతను కూతురి వంక చూశాడు. చెయ్యి చాచాడు.

చిట్టి ఒక చేత్తో వాళ్ళ నాన్ననీ ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని పై డెక్కుకి లాక్కెళ్ళింది. ఇంకా ఎండ ఉంది. నాలుగు పక్కలా నీళ్ళే.

"ఏటీ నేదు నానా!" అని కేరింతలు కొట్టింది.

"అదేనమ్మా సూపిత్తానన్నది" అన్నాడతను.

ఇద్దరూ అలా ఎంతసేపు నిలబడ్డారో! ఇంతలో నా వాకీటాకీ కూసింది. క్లబ్ తెరిచారట, పిల్లలు వచ్చేశారట, నేనెక్కడ చచ్చానని మేనేజరు. చిట్టి నా వేలు లాగింది. "అక్కా, నిన్నే పిలుత్తన్నారు. ఎల్లవా?"

మల్కాపురంలో పుట్టానన్న మాటే గానీ, నెలల తరబడి ఆ ఓడలోనే తిరుగుతున్నానన్న మాటే గానీ, ఒడ్డు లేని సముద్రాన్ని పట్టపగలు నేను చూడటం అదే మొదలు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, పిల్లల్ని ఆడించడానికి జీతం తీసుకునే దాన్ని, ఆ ఆరేళ్ళ పిల్లని బతిమాలుకున్నాను:

"ఉండమ్మా, ఇంకొంచెంసేపు."