చదవకుండా పెట్టిన అంగూటా

ఇంగ్లీషులో థంబ్స్ అప్ అంటే సరే, కానివ్వు, నాకు సమ్మతమే అని అర్థం. బడిలో నాకీ మాట ఎవరూ నేర్పలేదు, ఫోను నేర్పింది. నాచారంలో నేను పనిచేసే ఫ్యాక్టరీ డిస్పాచ్ గ్రూపులో ఆ అర్థం కూడా అరిగిపోయింది. లారీ వచ్చిందంటే ఆ బొటనవేలి బొమ్మ. లోడు ఆలస్యమంటే వేలు. ఎవరి తండ్రో పోయాడంటే దానికీ వేలే. చూశాను, ఇక నన్ను వదిలెయ్ అని దాని అసలు అర్థం.

మా నాయినకు చదువు రాదు. ఉప్పల్‌లో ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి. ఆయన దృష్టిలో అంగూటాకు, అంటే బొటనవేలికి, రెండే పనులు. ఎవరికైనా ఆడించి చూపిస్తే, పో, నీకేమీ లేదని. కాగితం మీద ఒత్తితే, మాట ఇచ్చినట్టు. రేషన్ కార్డు కాగితమైనా సరే, నాతో రెండుసార్లు చదివించుకోనిదే వేలు ఇంకులో ముంచేవాడు కాదు. "ఇంకోసారి సదువు బిడ్డా" అంటే నాకు ఒళ్లు మండేది.

పోయిన ఎండాకాలం షుగరు వల్ల ఆయన కుడికాలి పుండు ముదిరింది. చెల్లెలు దవాఖానాలో ఆయన దగ్గరుంది, నేను డ్యూటీలో ఉన్నాను. లోడింగ్ హడావిడిలో, గ్రూపు మెసేజీల మధ్య ఆమె మెసేజీ వచ్చింది. "అన్నా, డాక్టర్ వచ్చిండు" అన్నంతవరకే కనబడింది. వేలు కొట్టి ఫోను జేబులో పెట్టుకున్నాను.

మిగతాది సాయంత్రం దవాఖానా మెట్ల మీద చదివాను. "మోకాలి కింద తీసేస్తే మంచిదంటుండు. రెండు దినాలు మందులతోని ఆగి సూడొచ్చు గని గ్యారంటీ లేదంట. నాయిన నువ్వెట్లంటే అట్లనే అంటుండు. సంతకం పెట్టాల్నా?" దాని కింద నా పసుపురంగు వేలు.

పైకి వెళ్లేసరికి ఆపరేషన్ అయిపోయింది. "నువ్వు సరే అంటివి గదన్నా, ఎంటనే పెట్టిన" అంది చెల్లెలు.

ఆ రెండు రోజులు ఆగి ఉంటే కాలు దక్కేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. ఆ ఒక్క మాట నన్ను తినేస్తోంది. ఇక చచ్చేదాకా నాకు తెలియదు. చెల్లెలికి నిజం చెప్పే ధైర్యం కూడా లేదు. నేనింత పిరికివాణ్ణని నాకే తెలియదు.

ఇంటికి తెచ్చిన వారానికి నాయిన మంచం మీద పడుకుని, మూలనున్న మిషను వైపు చూస్తూ అన్నాడు.

"మస్తు ఫికర్ జేసిన బిడ్డా. నువ్వు సరే అన్నవని నీ చెల్లె సెప్పినంకనే నిమ్మలమైంది. అంతా సదివే అని ఉంటవు గద."

"అవును నాయినా" అన్నాను. "రెండుసార్లు సదివిన."