ఇస్టిక్కు మనుషుల కేరళ యాత్ర

రిటైరైన మనిషికి అందరూ తీర్థయాత్రలు చెబుతారు. మా బావ మాత్రం కేరళ చెప్పాడు. అదీ మోటారు సైకిల్ మీద, కర్రసాము నేర్చుకోడానికి.

బావంటే చుట్టరికమేమీ లేదు. ఆయనది ఎస్. రాయవరం పక్క పల్లె, చెరకు రైతు. నాది అనకాపల్లిలో చర్చికెళ్లే కుటుంబం. పంచదార ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసు చూసి రిటైరయ్యాను. ఆయన చెరకు బళ్లు తోలుకొచ్చే రోజుల్లో గేటు దగ్గర వంతు కోసం పోట్లాడుకునేవాళ్లం. ఆ తగువు ఎంతకీ తెగక చివరికి బావలమైపోయాం.

వాళ్ల ఊళ్లో గౌరమ్మ సంబరానికి గరిడీ కడతారు. డప్పుల మోతకి వరసలు కట్టి కర్రసాము చేయడమే గరిడీ. ఏళ్ల తరబడి ముందు వరసలో కర్ర తిప్పింది మా బావే. ఒకసారి చెరకు ట్రాక్టరు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. కర్ర పట్టి తిప్పబోతే జారిపోయేది. అప్పట్నుంచి సంబరంలో ఆయనకో కుర్చీ వేసి, మెడలో దండేసి, పెద్దమనిషిగా కూర్చోబెట్టేవాళ్లు.

"బతికుండగానే పటం కట్టేసేరు బావా" అనేవాడు.

కేరళలో కొత్త దెబ్బలు నేర్చుకుంటానని పైకి అన్నా, ఆయన మళ్లీ కర్ర తిప్పాలనుకుంటున్నాడని, దానికి ఆ మణికట్టు అడ్డమని, మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. ఆయన ముందు అనేవాళ్లే లేరు.

ప్లాను వేసే పని నాది. డైరీ రాయనిదే నిద్రపోని మనిషిని కాబట్టి రూటు, పెట్రోలు బంకులు, పొద్దున్న సాధన చేసుకోడానికి మైదానాలు, మా వయసుకి తప్పనిసరిగా బండి ఆపవలసిన చోట్లు, అన్నీ రాశాను. ఆ చివరి దానికే ఎక్కువ పేజీలు పట్టాయి. ఒంటికి అలవాటవ్వాలని కొండకర్ల ఆవ చెరువు గట్టున బావ నాకు నోటితో పాఠం చెప్పేవాడు, నేను కర్ర తిప్పేవాణ్ణి. తగిలిన దెబ్బల్లో ఎక్కువ నా చెవికే తగిలాయి.

"ఏటండీ ఈ ఏషాలు?" అంది మా ఆవిడ. "దారిలో దొంగలు పడితే వాళ్లే జాలిపడి మిమ్మల్ని బస్సెక్కించేత్తారు."

బండికి టైర్లు మార్పిద్దామని వెళ్తే, టైర్ల షాపు మలయాళీ తన ఊళ్లోని కళరి గురువు నంబరిచ్చాడు. కళరి అంటే వాళ్ల సాము. ఇద్దరం ఎస్టీడీ బూతు గాజు గదిలో ఇరుక్కున్నాం. నేను మాట్లాడతానంటే బావ రిసీవరు లాక్కున్నాడు. నేను దాని వెనక చెవి ఆనించాను.

"సార్, వియ్ టూ మెన్. బోత్ ఇస్టిక్కు."

"బోత్?" అన్నాడు గురువు.

"ఎస్. ఫ్రమ్ చైల్డ్‌హుడ్. మై ఫాదర్ ఆల్సో ఇస్టిక్కు. హోల్ విలేజ్ ఇస్టిక్కు."

"హోల్ విలేజ్! అయ్యో!"

"ఫెస్టివల్ టైమ్, వెరీ వెరీ ఇస్టిక్కు. గవర్నమెంట్ నో హెల్ప్, సార్."

గురువు మెల్లగా, "కమ్. డోంట్ వర్రీ. గాడ్ ఈజ్ దేర్" అన్నాడు. సాము నేర్పడానికి దేవుణ్ణి ఎందుకు తెచ్చాడో మాకు అర్థం కాలేదు. భక్తిపరుడనుకున్నాం.

మర్నాడు టైర్ల షాపు దగ్గరికి వెళ్తే ఆ మలయాళీ మాకు దూరంగా నిలబడ్డాడు.

"సారే, మీ ఊళ్లో ఏం రోగం? గురువుగారు ఫోన్ చేశారు. మీ ఇద్దరూ సిక్, ఊరంతా సిక్, పండగొస్తే ఎక్కువవుతుందంట. రెండు బల్లలు కడిగించారు. నూనె కాయిస్తున్నారు."

నాకు అప్పుడు వెలిగింది. బావ కర్రని 'ఇస్టిక్కు' అన్నాడు, గురువుకి 'ఈజ్ సిక్' అని వినపడింది. పుట్టినప్పట్నుంచీ ఇస్టిక్కు, ఇస్కూలు, ఇస్టేషను వింటున్న చెవులేమో, నాకు తేడా తెలియలేదు. అక్కడే కూలబడి నవ్వాను. బావ నవ్వలేదు.

"మంచిదే కదా" అన్నాడు మలయాళీ, బావ వంకర మణికట్టు కేసి చూస్తూ. "కళరిలో విరగ్గొట్టేదీ వాళ్లే, సరిచేసేదీ వాళ్లే. ఆ చెయ్యి చూపించుకోండి. కానీ మీరు బండి మీద వస్తారని చెబితే వద్దన్నారు. హ్యాండిలు అదిరితే వైద్యం పనిచెయ్యదంట. రైల్లో రమ్మన్నారు."

"నేనెల్లను" అన్నాడు బావ. దారి పొడుగునా అదే మాట. ఇంటి దగ్గర దిగాక అసలు సంగతి చెప్పాడు. "బండి మీద ఎల్తే సాముకెల్లేడంటారు. రైల్లో ఎల్తే ఆస్పత్రికెల్లేడంటారు. అక్కడికెల్లి కూడా ఈ సెయ్యి బాగవ్వకపోతే? ఇంకెప్పుడూ కర్ర అట్టుకోమని ఎవుడూ అనడు బావా."

అంతలోనే ఆయనకి మళ్లీ పౌరుషమొచ్చేసింది. "రేపు రా. నా సేతిలో బండెలా ఇంటాదో సూపిత్తాను."

మర్నాడు నన్ను వెనక ఎక్కించుకుని రాజయ్యపేట సముద్రం దాకా తోలాడు. హైవే మీద బాగానే విన్నది. ఊళ్లోకి దిగే గతుకుల్లో ఆయన కుడిచెయ్యి యాక్సిలేటరు మీద బిగుసుకుపోయింది.

"బావా, బ్రేకు!"

"కాలితో తొక్కేను! సెయ్యే రాట్లేదు!"

బండి ఇసుకలో ఈడ్చుకుపోయి, ఆరేసిన వలల్లో దూరి, ఆగిపోయింది. ఇద్దరం బండితో సహా వలలో చుట్టుకుపోయాం. ఓ జాలరి తాపీగా వచ్చి చూశాడు.

"ఏటి తాతా, మంచి సేపలు పడతాయని ఏత్తే ఇలాంటియి పడ్డాయేటి?"

దెబ్బలేమీ తగల్లేదు. కానీ బావ చెయ్యి హ్యాండిలు వదల్లేదు. ఆ జాలరే కూర్చుని, వలలో చిక్కుపడిన పీతని విడిపించినట్టు, ఒక్కొక్క వేలూ విడదీశాడు. బావ ఆ వేళ్లకేసి ఎవరివో అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. లేచి ఇసుక దులుపుకున్నాక అడిగాడు.

"బావా, నీ రైలు ఎన్నింటికి?"

అదేదో నేను కొన్న రైలైనట్టు.

అలా మోటారు సైకిల్ యాత్ర రైల్లో జరిగింది. కేరళలో గురువు నన్ను కూడా వదల్లేదు. ఇద్దరు రోగులని విన్నాడు కదా, ఇద్దరికీ నూనె కాచాడు. నాకేమీ లేదంటే నవ్వి, మెడ మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాడు. నేను పెట్టిన కేకకి, నాకూ ఉందని తేలింది. రోజూ గోచీలు కట్టుకుని పక్కపక్క బల్లల మీద పడుకునేవాళ్లం. కర్ర కంటికి కూడా చూపించలేదు. బావ మణికట్టుని ఆయన పిండుతున్నప్పుడు మాత్రం నేను గోడకేసి తిరిగి పడుకునేవాణ్ణి. నొప్పికి ఆయన తిట్టే తిట్లు తెలుగులో ఉండబట్టి గురువు దీవెనలనుకున్నాడు.

వచ్చాక కూడా చాలా రోజులు కర్ర ముట్టుకోవద్దన్నారు. బావ ముట్టుకోలేదు. సంబరం రోజున డప్పులు మొదలయ్యాక, ఎవర్నీ అడక్కుండా వరసలోకి దిగాడు. మొదట మెల్లగా తిప్పాడు. తర్వాత కొంచెం జోరుగా. జనం ఈలలేశారు. ఆ ఈలలకి ఉబ్బిపోయి ఇంకా జోరు పెంచాడు. కర్ర చేతిలోంచి ఎగిరి, జనం నెత్తి మీంచి వెళ్లి, బెల్లం జీళ్లు అమ్మే బండి మీద, పాకం గిన్నెలో పడింది.

డప్పులాగిపోయాయి. నేను పరిగెత్తాను.

"పడిందని సూడకు బావా" అని వెనకనుంచి అరిచాడు. "అంతసేపు తిరిగిందా, నేదా?"

"తిరిగింది!"

"మరైతే అట్టుకురా!"

జీళ్ల పాకంలోంచి తీసిన కర్రని తుడవకుండానే తెచ్చి ఆయన కుడిచేతిలో పెట్టాను. ఆ తర్వాత సంబరం అయ్యేదాకా తిప్పాడు. కేరళ వైద్యమో జీళ్ల పాకమో చెప్పలేను గానీ, మళ్లీ జారలేదు.