రెండు వేళ్ల వదులు

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదీ నిలబడింది నాలుగు కాళ్ల మీద. ఆ నాలుగూ మా తాతయ్య గుర్రానివి. నరసాపురం స్టేషన్లో దిగినవాళ్లను గోదావరి దాటించే పంటు దాకా జట్కాలో చేర్చడం ఆయన పని. ఇంట్లో మామ్మా నేనూ లేసు అల్లేవాళ్లం. ఐదో తరగతిలోనే బడికీ నాకూ చెడింది. నేను మానేసిన రోజున మాస్టారు ఆపలేదు సరికదా, మరిచిపోయిన పలకను కూడా ఇంటికి పంపించారు, దాని కోసమైనా మళ్లీ రాకుండా.

లేసు పనిలో మాత్రం నాకు పేరుండేది. అల్లిక బిగువుగా ఉంటేనే లేసు నిలుస్తుంది, వదులైతే కొనేవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి వస్తుంది. నా పనితనం చూసి మామ్మ, "దీని చేతిలో దారం ఊపిరాడక చస్తుందే!" అని మురిసిపోయేది.

ఒకరోజు రేవులో పంటు రేకు అంచు తగిలి గుర్రం ముందు కాలు, మోకాలి కింద చీరుకుపోయింది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారు వచ్చి ఉప్పునీళ్లతో కడిగి, మందు రాసి, దూది మందంగా పరిచి కట్టు కట్టారు. అక్కడ గుర్రానికి కండ ఉండదనీ, ఎముకా నరమూ పైన తోలూ అంతేననీ, ఆ చోట పుండు మానడం బహు నిదానమనీ చెప్పారు. మూడు రోజులకోసారి కట్టు మార్చాలి, అంటుకుపోతే పీకకుండా నానబెట్టి తీయాలి అన్నారు. తాతయ్య చేతులు అప్పటికే వణుకుతుండేవి. అందుకని ఆ పని నాకొచ్చింది.

మొదటి రెండుసార్లూ నా కట్టు గిట్ట మీదకు జారిపోయింది. పక్కింటి అత్త గోడ మీంచి చూసి, "ఏవే, మీ గుర్రం మేజోడు జారిందే, కాస్త పైకి లాగవే!" అని వీధి చివర దాకా వినపడేలా నవ్వింది. లేసులో అంత పేరున్నదాన్ని, నా పరువు పోయినట్టయింది. మూడోసారి కట్టు మార్చాల్సిన రోజున తాతయ్య పాలకొల్లులో మా మేనత్తను చూడ్డానికి వెళ్లారు. రెండు రోజుల దాకా రారు. నేను దూది దండగనుకుని పల్చగా పరిచి, గుడ్డను లేసు బిగువులో చుట్టి, అంచులు సూదితో కుట్టేశాను. ఈసారి జారలేదు. పక్కింటి అత్తను పిలిచి మరీ చూపించాను.

గుర్రం ఆ రోజంతా కాలు నేలకేసి కొడుతూనే ఉంది. మేత ముట్టలేదు. పళ్లతో కట్టు కొరకబోతే, కొరక్కుండా దాని మీద వేపనూనె పూశాను. తనకు వచ్చిన భాషలో అది చెబుతూనే ఉంది, నేనే నోరు మూయించాను. రెండో రోజుకి కాలు కొట్టడం మానేసింది. నొప్పి తగ్గిందని సంబరపడ్డాను.

తాతయ్య వస్తూనే కాలు మీద చెయ్యి వేసి చూశారు. కట్టు పైన వాచి ఉంది, కింద చల్లగా ఉంది. కత్తెర తెమ్మన్నారు. గుడ్డతో పాటు తోలు ఊడి వచ్చింది. ఆ వాసన ఇప్పటికీ ఒక్కోసారి అన్నం ముందు గుర్తొస్తుంది.

కాంపౌండరు గారు చూసి మండిపడ్డారు. "ఎవరయ్యా కట్టింది? గుర్రం కాలనుకున్నారా, కట్టెల మోపనుకున్నారా?"

నేను స్తంభం వెనకాల ఉన్నాను. తాతయ్య నా వైపు చూడనైనా చూడలేదు.

"నేనేనండి. ముసలి చేతులు కదండీ, అంచనా తప్పాయి" అన్నారు.

గుర్రాల మధ్యే పుట్టి పెరిగిన మనిషి, చూడ్డానికి వచ్చిన తోటి జట్కావాళ్ల ముందు తల వంచుకుని చివాట్లు తిన్నారు.

ఇక ఆ కాలు ముట్టుకోకూడదనుకున్నాను. మర్నాడు ఆయనే పిలిచి తన ముంజేయి చాపారు. "ముందు నాకు కట్టమ్మడూ." కట్టాను. ఆ కట్టు కిందకి తన రెండు వేళ్లు దూర్చి చూపించారు. "ఇవి దూరాలి. మూడోది దూరకూడదు. అంతే." ఆ పైన నన్ను గుర్రం దగ్గరికి తీసుకెళ్లి, గుడ్డ నా చేతికే ఇచ్చారు.

అప్పట్నుంచీ సరిగ్గానే కట్టాను. కానీ లోపల నరం కుళ్లిపోయింది. వానలు పట్టేనాటికి గుర్రం లేవలేకపోయింది. కాంపౌండరు గారు దాని బాధ తీర్చే ఆఖరి సూదిమందు తెచ్చిన రోజున కూడా తాతయ్య కట్టు మార్చమన్నారు.

"ఇంకెందుకు తాతయ్యా?" అన్నాను.

"అది ఇంకా బతికే ఉందిగా అమ్మడూ" అన్నారు.

నేను కట్టినవాటన్నిటిలో అదే మంచి కట్టు. దానితోనే పూడ్చారు.

జట్కా పెరట్లో చివికిపోయింది. చేతులారా గుర్రాన్ని చంపుకున్నవాడన్న పేరుతోనే తాతయ్య కూడా పోయారు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. ప్రతిసారీ ఏదో వేళాకోళమాడి తప్పించుకున్నాను.

ఈమధ్య మా ఆయన కాలికి షుగరు పుండు పడితే రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లాను. నర్సమ్మ కట్టు కట్టగానే రెండు వేళ్లు దూర్చి చూశాను. "ఏంటి మామ్మగారూ, నా మీద నమ్మకం లేదా?" అని నవ్వింది. "నీ చేతులకేమమ్మా, నాకు నా చేతుల మీదే లేదు" అన్నాను. తమాషాకి అన్నాననుకుంది.

వేళ్లు రెండూ సరిగ్గా దూరాయి. బయటికి తీయడానికి మాత్రం కాసేపు పట్టింది. ఇంటికొచ్చాక ఇది రాయడానికి కూర్చున్నాను. ఆ కట్టు కట్టింది మా తాతయ్య కాదు, నేను.