పుదీనా సీసాలో షాజీరా

మిషిగన్ నడిబొడ్డున నల్లమట్టిలో పుదీనా పండించే ఊళ్లు కొన్ని ఉన్నాయి. అందులో ఒక ఊళ్లో ఆర్లీన్ బౌమా ముక్కు గురించి తెలియనివాడు ఎవడైనా ఉంటే, వాడు నిన్ననే పుట్టి ఉండాలి, లేదా పక్క కౌంటీ నుంచి దారి తప్పి వచ్చి ఉండాలి.

ఆవిడ ఘనత ఒక్క ముక్కుతో మొదలుకాలేదు. పద్దెనిమిదో ఏట పుదీనా పండగలో రాణి కిరీటం పెట్టుకుంది. అప్పటి కిరీటం అసలైన రేకుది, నుదుటికి గీసుకుపోయేది. ఇప్పటి పిల్లలు పెట్టుకునే ప్లాస్టిక్ సరుకు కాదు. చర్చి ఆడవాళ్ల సాఫ్ట్‌బాల్ జట్టులో ఫస్ట్ బేస్ దగ్గర ఆవిడ నిలబడితే బంతి దాటిపోయేది కాదు. అదీ పుర్రచేతి వాటంతో, వాళ్లన్న వాడి పారేసిన, బంతి పట్టే గ్లవ్వుతో. విసిరే చెయ్యి ఖాళీగా ఉండాలి కాబట్టి కుడిచేతి వాటం వాడి గ్లవ్వు ఎడమ చేతికి కదా ఎక్కేది. ఆర్లీన్‌కి కావలసింది కుడి చేతికి. కొత్తది కొనమంటే వాళ్ల నాన్న, "తోలు అదే, కుట్టు అదే, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. బొటనవేలు దూరాల్సిన చోట చిటికెన వేలు దూర్చి పదేళ్లు ఆడింది.

పెళ్లయ్యాక మొగుడు గెరిట్ పొలం చూసుకుంటే, పుదీనా నూనె దించే ఆవిరి బట్టీ ఆవిడ నడిపింది. మగవాళ్లు మీటర్ల ముందు గొంతుక్కూర్చుని తల గోక్కుంటుంటే, ఆవిడ అవతలి గట్టున బట్టలారేస్తూ, "ఇక ఆపండయ్యా, ఆకులో ఏం మిగల్లేదు," అని కేకేసేది. తెరిచి చూస్తే నిజంగానే ఏమీ మిగిలేది కాదు. గెరిట్‌ని సాగనంపింది, మూడు ట్రాక్టర్లను సాగనంపింది. మొదటి ట్రాక్టరు కోసం ఎక్కువ ఏడ్చిందని గిట్టనివాళ్లు అంటారు. ఆ తరవాత పుదీనా పండగలో నూనెల పోటీకి తీర్పరి కుర్చీ ఎక్కింది. డెబ్బై ఒకటో ఏడు వచ్చినా దిగలేదు.

ఆ కుర్చీకే ఎసరు వచ్చింది.

కిందటి ఆగస్టు పండగలో హార్లన్ డెవ్రీస్ పెట్టిన సీసా మూత తీసి, ఆవిడ ఒకసారి పీల్చి, మూత బిగించి పక్కన పెట్టేసింది. హార్లన్ ఆవిడతో పాటు ఒకే గదిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు. రెండు వందల ఎకరాల పుదీనా ఉంది, అంతకు రెట్టింపు నోరుంది.

"ఏమే ఆర్లీన్, నా నూనెకేమొచ్చింది?"

"నూనెకేం రాలేదురా. రొట్టె వాసనొస్తోంది. షాజీరా చల్లిన రై రొట్టె."

"పొద్దున నువ్వు తిన్న రొట్టె నీ మూతికే అంటుకునుంటది, తుడుచుకో."

జనం నవ్వారు. పోటీలోంచి హార్లన్ సీసా పోయింది. అయితే హార్లన్ ముక్కు పిండి వసూలు చేసే రకం. చలికాలమంతా కూర్చుని మనవడి రసాయనశాస్త్రం పుస్తకం తిరగేశాడు. పుదీనాకి వాసనిచ్చేది కార్వోన్ అనే పదార్థం. షాజీరాకి వాసనిచ్చేదీ కార్వోనే. రెండిటి ఫార్ములా ఒకటే. అంతటితో ఆగక ఊరి పక్క కాలేజీలో పాఠం చెప్పే రెనీ కోవాల్‌కి ఫోన్ చేశాడు.

"టీచరమ్మా, రెండు కార్వోన్లకీ ఫార్ములా ఒకటేనా?"

"ఒకటేనండి."

"ఒకే వేడి దగ్గర మరుగుతాయా?"

"ఒకే వేడి దగ్గరే. కానీ..."

"చాలమ్మా, సంతోషం," అని పెట్టేశాడు. ఆ ఊళ్లో ఎవరికీ 'కానీ' దాకా ఆగే అలవాటు లేదు. కోతలకాలంలో మబ్బుకేసి చూసి పరిగెత్తేవాళ్ల ఊరది.

పండగ కమిటీ పెద్ద జోయన్ ముందు హార్లన్ తన వాదన పెట్టాడు. రెండూ ఒకటే పదార్థమైనప్పుడు ఒకటి పుదీనా, ఒకటి రొట్టె అని చెప్పే ముక్కు చెడిపోయిన ముక్కేనని తేల్చాడు. టీచరమ్మ రెండు కార్వోన్లూ తేవాలి, ఆర్లీన్ కళ్లకు గంతలు కట్టుకుని వాసన చూడాలి. రెండూ ఒకటేనంటే కుర్చీ ఆవిడదే, కిందటేటి తీర్పుకి మాత్రం నలుగురిలో క్షమాపణ చెప్పాలి. వేరువేరంటే కుర్చీ దిగాలి. జోయన్‌కి రసాయనశాస్త్రం తెలియదు, తగువులంటే భయం. సరేనంది. ఆర్లీన్ కూడా సరేనంది, ఎందుకంటే ఎదురుగా హార్లన్ నవ్వుతున్నాడు.

నవ్వేవాడి పుస్తకంతోనే వాడి నెత్తిన కొట్టాలని ఆవిడ రెనీ పాఠానికి వెళ్లి చేరింది. ముసలివాళ్లకు ఫీజు లేదు. పిల్లలంతా వెనక బల్లల్లో నక్కితే ఈవిడ ముందు బల్లలో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. మొదటి వారాల్లో అంతా సులువుగానే సాగింది. అవే పరమాణువులు, అదే లెక్క, అతుకు మారితే వస్తువు మారుతుందని, వాటిని ఐసోమర్లంటారని రెనీ చెప్పింది. ఒక అతుకు వేస్తే తాగే సారా, ఇంకో అతుకు వేస్తే గుప్పున అంటుకునే గ్యాసు.

"ఇందులో ఏముందమ్మాయ్," అంది ఆర్లీన్. "అవే చెక్కలు. మా గెరిట్ కోళ్లగూడు కడతానని మొదలుపెట్టి పడవ చేశాడు. కోళ్లూ మునిగాయి, పడవా మునిగింది."

ఒక బుధవారం అసలు సంగతి వచ్చింది. అతుకులు కూడా అవే ఉండి, ఒకటి ఇంకోదానికి అద్దంలో నీడలా ఉండే జతలున్నాయంది రెనీ. రంగు గుండ్లు, పుల్లలు పెట్టి రెండు బొమ్మలు చేసింది. ఆర్లీన్ రెండిటినీ తిప్పింది, బోర్లించింది, ఒకదాని మీద ఒకటి పెట్టింది. నాలుగు గుండ్లలో రెండు కుదిరితే రెండు కుదరలేదు.

"బరువు ఒకటే, కరిగే వేడి ఒకటే, మరిగే వేడి ఒకటే," అంటోంది రెనీ. "కార్వోన్ తీసుకోండి, అదీ ఇలాంటి జతే. కానీ..."

బుధవారం చర్చిలో పాటల సాధన. ఆర్లీన్ లేకపోతే కింది గొంతు పట్టేవాళ్లు లేరు. అప్పటికే సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటేసింది.

దారంతా ట్రక్కు నడుపుతూ గొణుక్కుంది. అయితే హార్లన్ గాడు చెప్పింది నిజమేనన్నమాట. అన్నీ ఒకటే. కిందటేడు తన ముక్కుకి ఏదో అయింది. చర్చిలో పాడుతుంటే ఆ మాటే మళ్లీ మనసులోకి వచ్చి శ్రుతి తప్పింది. ఇన్నేళ్లలో అదే మొదలు. పక్కావిడ ముక్కున వేలేసుకుంది.

పరీక్ష రోజు వచ్చింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో కాఫీ, గుడ్ల సాండ్‌విచ్చులు, పుల్లటి రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన తీపి 'పై' పెట్టారు. ఊరు ఊరంతా దిగింది. ప్రార్థనకి రానివాళ్లు కూడా వచ్చారు. రెనీ రెండు చిన్న సీసాలు బల్ల మీద పెట్టింది. జోయన్ తన మెడలో రుమాలు తీసి ఆర్లీన్ కళ్లకు కట్టింది.

"ఒకటేనని చెప్పేసి కాఫీ తాగు," అన్నాడు హార్లన్. "నువ్వూ చదువుకున్నావంట కదా."

ఆవిడ చదువుకున్నదీ అదే. ఒకటేనని చెబితే కుర్చీ నిలుస్తుంది. హార్లన్‌కి ఒక్క క్షమాపణ పడేస్తే పోతుంది.

మొదటి సీసా మూత తీశారు. తడిసిన ఆకు, ఆగస్టు పొద్దు, బట్టీ దగ్గర తన పాతికేళ్ల వయసు, అన్నీ ఒక్కసారి ముక్కులోకి ఎక్కాయి. రెండోది తీశారు. షాజీరా. రై రొట్టె. సందేహమే లేదు. ఇంకోసారి చూసింది. రొట్టె రొట్టెలాగే ఉంది.

గంత విప్పకుండానే తల ఎత్తింది.

"టీచరమ్మా, నీ పుస్తకం ఒకటేనంటోంది. నా ముక్కు కాదంటోంది. డెబ్బై ఏళ్లుగా ముక్కు నా మొహం మీదుంది. పుస్తకం మొన్నొచ్చింది. ఇది పుదీనా, ఇది రొట్టె. కుర్చీ తీసుకుపొండి."

హార్లన్ తొడ కొట్టినంత పని చేశాడు. "విన్నారా, విన్నారా. ఫార్ములా ఒకటే. దిగమనండి."

"హార్లన్ గారూ," అంది రెనీ, "ఆ రోజు ఫోన్లో నేను 'కానీ' అన్నాను. ఆర్లీన్ గారూ, బుధవారం మీకూ 'కానీ' అన్నాను. ఇద్దరూ ఆగలేదు. ఇప్పుడైనా ఆగుతారా?"

ఆర్లీన్ గంత విప్పుకుంది. కాఫీ డ్రమ్ము పక్కన సాఫ్ట్‌బాల్ సామాన్ల పెట్టె ఉంటే, అందులోంచి రెనీ ఎడమ చేతి గ్లవ్వు ఒకటి తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది.

"ముక్కు లోపల ఇలాంటివే ఉంటాయి, కంటికి కనపడనంత చిన్నవి. వచ్చే పదార్థం చెయ్యి లాంటిది. కార్వోన్ కుడీ ఉంది, ఎడమా ఉంది. తూకానికి ఒకటే. గ్లవ్వుకి మాత్రం..."

"చాలు తల్లీ, అర్థమైంది," అంది ఆర్లీన్. గ్లవ్వును కుడి చేతికి తొడుక్కుంది. బొటనవేలి చోట చిటికెన వేలు ఇరుక్కుంది. "తోలు అదే, కుట్టు అదే అన్నాడు మా నాన్న. పదేళ్లు నా వేళ్లు విరిగాయి." చెయ్యి పైకెత్తి హార్లన్ మొహం ముందు ఊపింది. "చూడరా ఒరే, ఇదీ నీ ఫార్ములా."

హార్లన్ రెండు సీసాలూ లాక్కుని మార్చి మార్చి వాసన చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "రెండూ పుదీనాయే కదే."

"కొందరికి అంతేనండి," అంది రెనీ. "రెండిటికీ తేడా తెలియని ముక్కులుంటాయి. తప్పేం కాదు."

అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. కిందటేడు వానలకు నూనె పలచబడితే, హార్లన్ ఎక్కడినుంచో, తెలియక షాజీరా వాటం కార్వోన్ తెప్పించి సీసాలో నాలుగు చుక్కలు కలిపాడట. "బలానికి పోశాను. పైన కార్వోన్ అనే రాసుంది. నాకు పుదీనా వాసనే వచ్చింది, ఒట్టు."

"నువ్వు అబద్ధమాడావని నేనననురా," అంది ఆర్లీన్ చాలా దయగా. ఆవిడ దయ చూపించినప్పుడే భయపడాలని ఊరికి తెలుసు.

రెనీ చివరికి ఒక మాట కలిపింది. "ఆర్లీన్ గారూ, మొన్నటి క్లాసు పరీక్షలో మీకు సగం మార్కులు కూడా రాలేదు. ఇకనైనా పాఠం చివరి పది నిమిషాలు కూర్చోండి."

"ముక్కుకి మార్కులు వేశావా?"

"లేదు."

"వేసి చెప్పు," అని రూబార్బ్ 'పై' ముక్కొకటి కోసుకుంది.

మళ్లీ ఆగస్టు వచ్చింది. కుర్చీలో ఆవిడే కూర్చుంది. నూనెల బల్ల మీద హార్లన్ కొత్త సీసాకి రెండో బహుమతి ఇచ్చింది, ఎందుకంటే నిజంగానే బాగుంది. అయితే కిందటేటి సీసా మాత్రం ఆవిడ దాచింది. పండగ తెల్లవారే సరికి అది రొట్టెల పోటీ బల్ల మీద, రై రొట్టెల వరసలో, మొదటి బహుమతికి కట్టే నీలం రిబ్బను కట్టుకుని నిలబడి ఉంది.

హార్లన్ వచ్చి దాని ముందు వంగి చూశాడు.

"రొట్టె ఏదే?"

"ముక్కున్నవాళ్లకు కనపడుతుందిలే," అంది ఆర్లీన్.

హార్లన్ సీసా తీసి, రిబ్బను ఊడకుండా జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. నలభై ఏళ్లలో వాడికి నీలం రిబ్బను దక్కడం అదే మొదటిసారి.